సహాయకుడికో సహాయకుడు

ప్రోగ్రామింగ్ భాషకు ప్రమాణ గ్రంథం రాసేవారు అందులో అంతర్గత సహాయక ఫంక్షన్లను వాడతారు. ప్రోగ్రామర్ వీటిని పిలవలేడు. భాషలో ఇవి లేవు. గ్రంథం రాసేవారి సౌకర్యం కోసమే పుట్టాయి. ఈ విద్యకు పరాకాష్ఠ జావాస్క్రిప్ట్ ప్రమాణం ఎక్మా-262. తొలి కూర్పు 1997లో వచ్చింది. 2015 నుంచి ఏటా కొత్తది వస్తోంది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు కనుక జనగామ జిల్లా చిల్పూర్‌లోని విద్యార్థికీ కాలిఫోర్నియాలోని ఇంజనీరుకూ అయోమయం సమానంగా అందుతుంది.

సహాయకుల వల్ల గ్రంథం స్పష్టంగా ఉంటుందని సమర్థకులు అంటారు. ఆ స్పష్టతను పరీక్షించడానికి ఒక్క ప్రశ్న చాలు: ఖాళీ అర్రేను, ఫాల్స్‌ను రెండు సమాన చిహ్నాలతో పోలిస్తే ఏమొస్తుంది? పని ఈజ్‌లూజ్‌లీఈక్వల్ అనే సహాయకుడి చేతికి వెళ్తుంది. అది టునంబర్‌తో ఫాల్స్‌ను సున్నా చేయించి, మళ్లీ తననే పిలుచుకుంటుంది. అర్రే సంగతి చూడమని టుప్రిమిటివ్‌ను అడుగుతుంది. అది ఆర్డినరీటుప్రిమిటివ్‌కు అప్పగిస్తుంది. అక్కడ అర్రేకున్న వాల్యూఆఫ్ మెథడ్ అర్రేనే తిరిగి ఇస్తే, టుస్ట్రింగ్ మెథడ్ ఖాళీ స్ట్రింగ్ తెస్తుంది. అదీ చివరికి సున్నా అవుతుంది. జవాబు: ట్రూ. తహసీల్దారు కార్యాలయంలో ఫైలులా పని బల్లలన్నీ తిరిగింది. ఏ బల్లా తప్పు చేయలేదు.

అసలు చిక్కు దూరం కాదు, దాపరికం. టుప్రిమిటివ్ అన్న ఒక్క మాట వెనుక ప్రోగ్రామర్ రాసుకున్న వాల్యూఆఫ్ నడవవచ్చు, ఏదైనా మార్చేయవచ్చు, ఎర్రర్ విసరవచ్చు. ఆ ముప్పుకు గుర్తుగా పిలుపు ముందు ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. ఆశ్చర్యార్థకం ఉంటే ఎర్రర్ రాదని హామీ. ఆశ్చర్యం ఏమీ జరగని చోట ఆశ్చర్యార్థకం పెట్టడం ఈ గ్రంథానికే చెల్లింది.

సహాయకులంతా దండగ కాదు. టునంబర్ లేకపోతే అవే నియమాలను పదిచోట్ల తిరగరాయాలి, పదిచోట్లా తేడాలు రావాలి. తెలుగు వ్యాకరణంలోనూ ఇంతే: చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించినప్పుడు, పారిభాషిక పదాలను చెప్పే సంజ్ఞా పరిచ్ఛేదాన్ని ముందుంచాడు. ద్రుతం, కళలు అక్కడ నిర్వచితమై, తర్వాతి సూత్రాల్లో అడుగడుగునా పనికొస్తాయి. సంజ్ఞ అక్కడ జీతానికి తగ్గ పని చేస్తుంది.

సహాయకుడికి కొలతా అదే: చాలాచోట్ల పనికిరావాలి, పేరు పనిని చెప్పాలి, ప్రోగ్రామర్ కోడ్ ఎక్కడ నడుస్తుందో దాచకూడదు. ఒక్కచోటే పిలిచే సహాయకుడిని ఆ చోటే రెండు వాక్యాలుగా రాసేయవచ్చు. అప్పుడు గ్రంథం గంభీరత కొంత తగ్గుతుంది. చదివేవాళ్లు కొందరు పెరుగుతారు.