కాగితం మీది పార్కు అధికారి గారికి

ఇథియోపియాలోని అబిజాతా-షాలా జాతీయ పార్కు సరిహద్దులను పటంలో పదిలంగా కాపాడుతున్న అయ్యా,

సెలవుల్లో మీ పార్కుకు వచ్చిన ఓ తెలుగు మాస్టారి తరఫున ఈ లేఖ. ఇక్కడి యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పిన తెలుగువాళ్లు చాలామందే కాబట్టి, ఆయనెవరో వెతికించే శ్రమ పెట్టుకోకండి. టికెట్టు కొన్నాడు, తుపాకీ ఉన్న స్కౌటును వెంటబెట్టుకున్నాడు. ఆ రెండింటికీ వంక పెట్టడానికి లేదు.

గేటు దగ్గర కంచె లోపల నిప్పుకోళ్లు, జింకలు. కంచె దాటితే మేకలు, ఆవులు, మొక్కజొన్న చేలు, నరికిన తుమ్మల మొదళ్లు, రోడ్డు పక్కన అమ్మకానికి బొగ్గు బస్తాలు. 887 చదరపు కిలోమీటర్ల పార్కులో అడవి జీవాలు కంచెలో, పెంపుడు పశువులు బయట!

మేకల మీద ఆయనకు కోపం లేదు. 1970ల తొలినాళ్లలో పార్కు వెలిసేనాటికే అక్కడ ఒరోమో పశుకాపరులున్నారు. ఆయన గోడంతా నీళ్ల గురించే.

పార్కులోని రెండు సరస్సుల్లో షాలాకు ఢోకా లేదు. అగ్నిపర్వతం కుంగిన గుంటలో 266 మీటర్ల లోతుతో, ఒడ్డున వేడినీటి బుగ్గలతో నిబ్బరంగా ఉంది. అబిజాతాకు లోతు తక్కువ. జ్వాయ్ సరస్సు నుంచి బుల్బులా నది మోసుకొచ్చే నీళ్లే ప్రధానంగా దాని ప్రాణం. ఎగువన పూలతోటలు, కూరగాయల చేలు తోడుకోగా మిగిలింది వస్తుంది. వచ్చినదాన్ని ఒడ్డునున్న సోడా యాష్ కర్మాగారం 1980ల నుంచి ఆవిరి మడుల్లోకి తోడింది. సరస్సు సగానికి పైగా కుంచించుకుపోయింది, ఉప్పదనం పెరిగి చేపలు పోయాయి. షాలా దీవిలో గూళ్లు కట్టుకునే పెలికాన్లు తిండికి అబిజాతాకే వచ్చేవి. పడకిల్లు ఉంది, వంటిల్లు మూతపడింది. ఉప్పునీళ్లకు అలవాటుపడ్డ ఫ్లెమింగోలు మాత్రం కనిపించాయి. అయితే వాటిని చూడటానికి మాస్టారు ఒకప్పటి సరస్సు అడుగు మీదే చాలాసేపు నడిచాడు. కారు దిగబడుతుందని స్కౌటు ముందే చెప్పాడు, పాపం.

ఆయనది కొల్లేటి ప్రాంతం. చేపల చెరువుల గట్లు సరస్సును మింగడం, 2006లో సర్కారు ఆ గట్లు పగలగొట్టించడం ఎరిగినవాడు. అందుకే సరిహద్దు పటాలను అంత తేలిగ్గా నమ్మడు.

టికెట్టు డబ్బు వాపసు అక్కర్లేదట. బుల్బులాలోకి ఏటా ఎన్ని నీళ్లు వదలాలో, ఎవరు వదలాలో గేటు దగ్గర బోర్డు మీద రాయించమన్నాడు. ఆ నది మా పరిధిలోకి రాదంటారా? అయితే ఎవరి పరిధిలోకి వస్తుందో వాళ్లకు 'తగు చర్య నిమిత్తం' ఈ లేఖను పంపించండి.

నకళ్లు: ఎగువ పూలతోటల యజమానులకు, ఒడ్డునున్న కర్మాగారానికి.