కాణిపాకం దాకా రండి

మాది ఐరాల మండలం. అబద్ధాలతో బతికేవాడికి ఇంతకంటే ఇరుకైన చోటు ఆంధ్రదేశంలో ఉండదు. అప్పు ఎగ్గొట్టినవాడైనా, పొలం గట్టు జరిపినవాడైనా, తాగుడు మానేశానని పెండ్లాం నెత్తిన చెయ్యిపెట్టేవాడైనా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అనగానే నోట్లో తడి ఆరిపోతుంది. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం చెబితే తొంభై రోజుల్లో ఫలితం అనుభవిస్తాడని మా నమ్మకం.

ఇప్పుడు నేను ఆ కోనేటి దగ్గరికి పిలవదలచుకున్నది గట్టు జరిపినవాళ్లను కాదు. 'అడ్రినల్ ఫెటీగ్' అనే జబ్బును అమ్ముకునేవాళ్లను. అంటే అడ్రినల్ గ్రంథికి అలసట. జబ్బును అమ్మడమేంటి, అమ్మేది మందు కదా అంటారేమో. జబ్బు ముందు అమ్ముడుపోతేనే కదా, మందుకు గిరాకీ!

ఆ జబ్బును మా ఇంటికి మోసుకొచ్చింది బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే నా మేనల్లుడు. గంగజాతరకు వచ్చాడు. సంచిలో బట్టలకంటే సీసాలు ఎక్కువ. "మామా, నా కార్టిసాల్ పడిపోయింది" అన్నాడు. జేబులోంచి ఏదో పడిపోయిందనుకుని మా అక్క మంచం కింద వెతికింది.

వాడు ఫోను తీసి వాళ్లమ్మకే పరీక్ష పెట్టాడు.

"అమ్మా, పొద్దున్నే లేవాలంటే కష్టంగా ఉంటుందా?"

"నాలుగ్గంటలకు ఎవురికి సుఖంగా ఉంటాది రా? ఆవులు అరస్తాయని లేస్తా."

"మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడతాయా?"

"సంగటి తిన్నాక పడకుండా యాడికి పోతాయి?"

"ఉప్పూ కారం తినాలనిపిస్తుందా?"

అక్క అప్పుడే తోతాపురి కాయ కోసి ముక్కలకు ఉప్పూ కారం అద్దుతోంది. జవాబు చెప్పకుండా వాడి నోట్లో ఒక ముక్క పెట్టింది.

పదికి పది మార్కులు. వాడి లెక్కన మా అక్క అడ్రినల్ గ్రంథులు చివరి దశలో ఉన్నాయి. నోరుంటే ఆ ప్రశ్నలకు మా జెర్సీ ఆవు కూడా ఫస్టు క్లాసులో పాసయ్యేది. మే నెలలో మా మండలంలో కాయకు ఉప్పూ కారం అద్దని ఇల్లు చూపిస్తే, ఆ ఇంట్లోవాళ్లకే ఏదో జబ్బుందని ఒప్పుకుంటాను.

ఈ జబ్బుకు తల్లి ఎవరో తెలియదుగానీ పేరు పెట్టిన తండ్రి తెలుసు. 1998లో జేమ్స్ విల్సన్ అనే అమెరికా ప్రకృతి వైద్యుడు ఆ మాట పుట్టించాడు, 2001లో పుస్తకం రాశాడు. మా వరసిద్ధుడు ఏటేటా పెరుగుతాడని, యాభై ఏళ్ల నాటి వెండి కవచం ఇప్పుడు పట్టదని చెబుతారు. ఈ జబ్బు లక్షణాల జాబితాదీ అదే వరస. నీరసంతో మొదలై మతిమరుపు, చిరాకు, నిద్రలేమి, ఎక్కువ నిద్ర, తీపి మీద మోజు, కారం మీద మోజు దాకా పెరిగింది. అందులో ఇమడని మనిషిని ఇంకా తయారుచేయాలి.

2016లో బ్రెజిల్ పరిశోధకులు ఇద్దరు దీనిమీద 58 అధ్యయనాలను జల్లెడ పట్టి, ఇట్లాంటి జబ్బు లేదని తేల్చారు. చదివే ఓపిక లేనివాళ్ల కోసం ఆ ముక్కను వ్యాసం పేరులోనే పెట్టారు. హార్మోన్ల వైద్యుల సంఘాలదీ అదే మాట.

అయినా మనం ఎందుకు నమ్ముతాం? బోర్లు ఎండిపోవడం చూసిన జనం కాబట్టి. వెయ్యి అడుగులు తోడి తోడి నీళ్లు అయిపోగొట్టినట్టే, చింతలు పడీ పడీ గ్రంథిలో తయారయ్యే కార్టిసాల్ హార్మోన్ అయిపోయిందంటే రాయలసీమవాడికి సులువుగా ఎక్కుతుంది. కానీ గ్రంథి బోరు కాదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఈ నాలుగైదు గ్రాముల ముద్దలు, మెదడు కింద ఉన్న పిట్యూటరీ కబురు పెట్టినప్పుడల్లా సరుకు తయారుచేసి పంపుతాయి. ఒత్తిడి పెరిగితే కార్టిసాల్ తగ్గదు, పెరుగుతుంది. తెల్లవారేసరికి ఎక్కువ, నడిరేయికి తక్కువ. అంటే మా అక్క కంటే వాటి దినచర్యే పద్ధతిగా ఉంది.

ఇంకో వింత. పోయిన వారం అదే ఫోనులో అదే మేనల్లుడికి 'కార్టిసాల్ ఎక్కువై మొహం ఉబ్బింది' అని చెప్పారట. ఈ వారం తక్కువైంది. ఉల్లిగడ్డల ధర కూడా ఇంత తొందరగా మారదు.

వాడు తాగే పానీయం సంగతి చెప్పాలి. కమలారసం, కొబ్బరినీళ్లు, చిటికెడు ఉప్పు. పేరు 'అడ్రినల్ కాక్‌టెయిల్'. మజ్జిగలో ఉప్పేసుకుని తాగే మా ఊళ్లో దీనికి అంత పేరు పెడితే కూలోళ్లు నవ్వుతారు. సరే, అది తాగితే పోయేది డబ్బే. సీసాల్లోని గోళీలతో అట్లా కాదు. వాటిలో చాలావాటిలో ఉండేది పశువుల అడ్రినల్ గ్రంథుల పొడి. శనివారం గుడ్డు కూడా ముట్టని నా మేనల్లుడు, తిరుమల కొండకు మొక్కి, ఆ పొడి మింగుతున్నాడు. 2018లో అమెరికాలో ఇట్లాంటి 12 రకాల గోళీలను పరీక్షిస్తే పన్నెండింటిలోనూ థైరాయిడ్ హార్మోన్ దొరికింది. చాలావాటిలో స్టెరాయిడ్లు కూడా ఉన్నాయి. మింగితే హుషారు రాక ఏమొస్తుంది? దొంగసారా తాగినా వస్తుంది.

ఇంత ఎగతాళి చేశానని కార్టిసాల్ తగ్గడమే కట్టుకథ అనుకోకండి. అసలు జబ్బు ఉంది. లండన్‌లో థామస్ అడిసన్ 1855లోనే 11 మంది రోగుల వివరాలతో దాన్ని రాసిపెట్టాడు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి ఉండింది అదే. గ్రంథిని క్షయ తినేయడం ఆ కాలంలో పెద్ద కారణం, మన దేశంలో ఇప్పటికీ ముఖ్య కారణమే. ఒళ్లు చిక్కిపోతుంది, బీపీ పడిపోతుంది, వాంతులవుతాయి, అరచేతి గీతలూ చిగుళ్లూ నల్లబడతాయి. మావాళ్లు దాన్ని "ఎండకు నల్లబడినాడు" అని తీసిపారేస్తారు. చిగుళ్లకు ఎండ ఎట్లా తగులుతుందని ఎవరూ అడగరు. తేల్చుకోవడానికి ఫోనులో ప్రశ్నలు చాలవు. పొద్దున ఎనిమిదింటికి రక్తం తీయాలి, అవసరమైతే సూదిమందు ఇచ్చి గ్రంథి పలుకుతుందో లేదో చూడాలి. వెల్లూరు పోయినా తిరుపతి పోయినా చేసేది అదే. జబ్బు తేలితే బతికినన్నాళ్లూ హైడ్రోకార్టిసోన్ మాత్రలు వేసుకోవాలి. జ్వరమొస్తే మోతాదు పెంచుకోవాలి.

అంతకంటే పెద్ద తమాషా మా పల్లెల్లోనే జరుగుతోంది. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతంతో కదలలేని ఒక ఆడమనిషికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే అద్భుతాన్ని ఇప్పుడు బహుమతి అడక్కుండా సంతల్లో పొట్లం కట్టి అమ్ముతున్నారు. మోకాళ్ల నొప్పికి మూలికల పొడి, ఉబ్బసానికి పవర్ మాత్ర, దేనికైనా ఒక సూది. లోపల చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. నెలలో నొప్పి మాయం, ఆకలి దండి, మొహం గుండ్రం. "ఒళ్లు చేసినావే వదినా" అని మెచ్చుకోలు. బయటినుంచి సరుకు వచ్చిపడుతుంటే సొంత గ్రంథి మిల్లు మూసుకుంటుంది. ఒకరోజు పొడి అయిపోతుంది, లేదా అమ్మినవాడు మాయమవుతాడు. అప్పుడు కళ్లు తిరిగి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకే నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు చేతిలో కొంచెం కొంచెంగా దిగాలి.

అంటే లెక్క ఇదీ: నిజంగా కార్టిసాల్ పడిపోయినవాడికి ఆ మాటే తెలియదు. ఆ మాట తెలిసినవాడికి కార్టిసాల్ నిక్షేపంగా ఉంది.

మరి మా అక్క అలసట? అది మాత్రం అబద్ధం కాదు. ఆసుపత్రికి పిలుచుకుపోయి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. అక్క ఆ వయసు దాటినా ఆ లెక్క దాటలేదు. రక్తం మాత్రలు ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చింది కాబట్టి మేనల్లుడికి గురి కుదరలేదు. తన సీసా తెచ్చి అక్క ముందు పెట్టాడు.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నా గ్రంథి సంగతి నాకు తెలీదు గానీ నాయనా, అలిసింది నేను. ఈ గోళీ పొయ్యి ఆవుల పాలు పితుకుతాదా? పితకదు కదా. నాలుగ్గంటలకు నువ్వు లెయ్యి."

వాడు మాటకు కట్టుబడి మూడు రోజులు లేచాడు. నాలుగో రోజు ఫోనులోని ప్రశ్నలు నేను వాడిని అడిగాను. పదికి పది.