గంటా పదిహేను నిమిషములు: టీకా తాత్పర్య సహితము

మూలము: హైదరాబాదు నుండి విశాఖపట్నమునకు దూరము 510 కి.మీ.; విమానమున గం. 1-15 ని.

టీక: హైదరాబాదు నుండి = శంషాబాదు నుండి. కూకట్‌పల్లివాసికి ముఖ్యార్థము బొత్తిగా కుదరదు గనుక లక్షణ చెప్పుకొనవలెను; గంగలో పల్లె యన్నచో గంగయొడ్డున పల్లె యని పెద్దలు సరిపెట్టుకొనలేదా! 2008 మార్చికి పూర్వపు ప్రతులలో ‘బేగంపేట నుండి’ అని పాఠము. అదియే సాధువని సికింద్రాబాదు పండితులు నేటికిని వాదింతురు.

విశాఖపట్నమునకు = ఆ యూరి రన్‌వేకు. ఇంటికి అని అర్థము చెప్పరాదు.

దూరము = భూగోళముపై తిన్నగా గీసిన గీత. రైలు వరంగల్లు, బెజవాడ, రాజమండ్రి పలకరించుచు పోవును గనుక దానికి సుమారు 700 కి.మీ.

విమానమున = రెక్కలు గలదానియందు. పుష్పకమున అని పొరబడరాదు. పుష్పక్ అనగా విమానము దాకా దిగబెట్టు ఆర్టీసీ బస్సు.

గం. 1-15 ని. = ఇచ్చటనే చిక్కంతయు. జెట్టు గంటకు 800 కి.మీ. పోవునే, 510కి నలుబది నిమిషములు చాలవా, తక్కినవి ఎవరు తినిరి అని పూర్వపక్షము. సమాధానము: ఇది గాలిలో నుండు కాలము కాదు. ఇక్కడ చక్రము కదిలినది మొదలు అక్కడ ఆగువరకు లెక్క. రన్‌వే దాకా పాకుట, ముందరి విమానముల వెనుక వరుసలో నిలుచుట, పైకెక్కునపుడును దిగునపుడును వేగము తగ్గుట, ఇవన్నియు ఇందు చేరును. పైగా కంపెనీలవారు కొసరుగా మరికొన్ని నిమిషములు కలిపి యుంతురు. ఆలస్యముగా బయలుదేరియు ‘వేళకు చేరితిమి’ అని మైకులో చెప్పుకొను భాగ్యము ఆ కొసరు వలననే. పదిహేను నిమిషములలోపు ఆలస్యము ఆలస్యమే కాదని డీజీసీఏ లెక్క. దీనిని అతిశయోక్తి యనలేము, అబద్ధమనియు అనలేము.

మేఘదూతమునకు వ్యాఖ్య చేసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆయన పని సులువు. మేఘమునకు బోర్డింగ్ పాసు లేదు. కాళిదాసు దారి చెప్పెనే గాని మొత్తము ఇన్ని గంటలని మాట ఈయలేదు.

అధ్యాహారము (మూలకర్త మింగినది): కౌంటరు గంట ముందే మూయుదురు గనుక రెండు గంటల ముందు చేరవలెను. ఇంటినుండి శంషాబాదుకు గంటన్నర. దిగిన పిమ్మట పెట్టె కొరకు బెల్టు చెంత తపస్సు, ఆటోవానితో శాస్త్రార్థము, మరొక గంట.

తాత్పర్యము: మొత్తము దాదాపు ఆరు గంటలు. వందే భారత్‌కు ఎనిమిదిన్నర. సికింద్రాబాదులో ఇల్లున్నవారు విమానము టిక్కెట్టు కొనుట డాబునకే యని నా మతము. కొన్నచో మాత్రము, విశాఖలోని అత్తగారికి ‘గంటలో వచ్చేస్తాం’ అని ఫోను చేయకుడు. ఆవిడ నిజమనుకొని పొయ్యి వెలిగించును.