ఆట ఫీజు కట్టారా?

ఆటకు రసీదు ఇస్తారు. ఆట మాత్రం ఇవ్వరు. ఎల్‌కేజీ ఫీజు కాగితం ఒకసారి తీసి చూడండి. యాక్టివిటీ ఫీజు అని ఒక వరుస. స్పోర్ట్స్ ఫీజు అని ఇంకో వరుస. నాలుగేళ్ల బుడ్డోడికి స్పోర్ట్స్ ఏమిటండీ? గుప్పెడు ఇసుక, చెంబెడు నీళ్లు ఇస్తే పూటంతా వాడి జోలికి ఎవరూ పోనక్కర్లేదు. ఆ ఇసుకేదీ? బడి నడిచేది అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. కింద పార్కింగు, పైన వాటర్ ట్యాంకు. మధ్యలో భావి భారత పౌరులు, నోటి మీద వేలేసుకుని.

‘ఫింగర్ ఆన్ యువర్ లిప్స్!’ మన పిల్లలకు బడి నేర్పే తొలి ఇంగ్లిషు వాక్యం ఇదే. అప్పు చేసి మరీ చేర్పించింది, నోరు విప్పితే ఇంగ్లిషు దంచేస్తాడని. వాళ్లు నేర్పేదేమో ఇంగ్లిషులో నోరు మూసుకోవడం. గోడ మీద మిక్కీ మౌస్ పళ్లికిలిస్తుంటుంది. గోడ పక్కనున్నవాడు నవ్వితే డైరీలో ఎర్ర సిరా: మీవాడు క్లాసులో ఎక్కువ మాట్లాడుతున్నాడు. నాలుగేళ్లవాడు మాట్లాడక మౌనవ్రతం పడతాడా? మాట్లాడింది తెలుగులో అయితే ఇక చెప్పేదేముంది, కేసు ఇంకా గట్టిది.

జారుడుబల్ల ఉంటుంది. లేదంటే కళ్లు పోతాయి. అడ్మిషన్ల సీజన్లో దానికి రంగులేస్తారు, బెలూన్లు కడతారు, అమ్మానాన్నలను పిలిచి చూపిస్తారు. జులై వచ్చిందా, దాని మీద జారేది దుమ్మే. ‘దెబ్బలు తగిలితే పేరెంట్స్ గొడవ చేస్తారు సార్’ అంటుంది యాజమాన్యం. ఎంత దయ! వేళ్లు నొప్పెట్టేలా వందదాకా అంకెలు రాయిస్తే మాత్రం అది దెబ్బ కింద లెక్క కాదు.

ఆ వేళ్ల సంగతీ చూద్దాం. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడు నాలుగేళ్ల వయసులో వాటిలో దాదాపు సగం ఇంకా మెత్తటి మృదులాస్థే, ఎముకగా గట్టిపడలేదు. మట్టి పిసికి, పూసలు గుచ్చి, కాగితాలు చింపి ఆ చెయ్యి పెన్సిలుకు సిద్ధమవ్వాలి. మనం చేస్తున్నదేమిటి? నాలుగు గీతల పుస్తకం ముందు పడేసి, గీత దాటితే ఇంటూ కొట్టి, కర్సివ్ రైటింగ్ అంటున్నాం. ఫిన్లాండులో ఒకటో తరగతి ఏడేళ్లకు. మనవాడు ఏడేళ్లొచ్చేసరికి నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ, ఒకటి అన్నీ ముగించుకుని ఐఐటీ ఫౌండేషన్ గుమ్మంలో నిలబడి ఉంటాడు. అన్నట్టు, మధ్యలో గ్రాడ్యుయేషన్ కూడా. నల్ల గౌను, నెత్తిన పలక లాంటి టోపీ, చేతిలో చుట్టిన కాగితం. ఏ సబ్జెక్టులో పట్టా నాయనా? కదలకుండా కూర్చోవడంలో.

టీచరమ్మను తిట్టకండి. ఆమె చేతిలో ఏమీ లేదు. ఏ రోజు ఏ పేజీ, ఏ పీరియడ్‌లో ఏ అక్షరం అన్నది హెడ్డాఫీసు నుంచి మైక్రో షెడ్యూల్‌గా దిగుతుంది. ఆ రోజు పిల్లాడు కిటికీ మీద వాలిన పిట్టను చూస్తూ ఆగిపోతే? షెడ్యూల్‌లో పిట్ట లేదు. తనిఖీకి ఏజీఎం వస్తాడు. పాలపళ్లు ఊడని పిల్లల బడికి అసిస్టెంట్ జనరల్ మేనేజరెందుకని అడక్కండి. వ్యాపారమన్నాక మేనేజరుండడా?

కాగితాల మీద మాత్రం పసిపిల్లలంటే మనకు ప్రాణం. 1993లోనే యశ్‌పాల్ కమిటీ చెప్పింది: పసివాళ్లకు అతిచదువు రుద్దడం హింస, నర్సరీ ప్రవేశాలకు పరీక్షలూ ఇంటర్వ్యూలూ తీసేయండి అని. తీసేశారా? 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. పిల్లాడికో తల్లిదండ్రులకో ఇంటర్వ్యూ పెడితే తొలి తప్పుకు 25,000 రూపాయల దాకా, ఆపైన ప్రతి తప్పుకూ 50,000 దాకా జరిమానా. భేష్! కాకపోతే ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లది. నర్సరీ ప్రవేశాలకు ఆ నిషేధం పట్టదని 2013లో ఢిల్లీ హైకోర్టు తేల్చేసింది. అంటే ఏడేళ్లవాణ్ని ప్రశ్నిస్తే నేరం. మూడేళ్లవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నిస్తే అడ్మిషన్ ప్రాసెస్.

ఇంకా ఉంది. 2020లో జాతీయ విద్యావిధానం. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటలతోనే చదువు అంది. అదే ఏడాది స్కూల్ బ్యాగ్ పాలసీ. ప్రీప్రైమరీకి సంచీయే వద్దు, రెండో తరగతి దాకా హోంవర్కే వద్దు అంది. పొద్దున ఎనిమిదింటికి మీ వీధి చివర నిలబడి చూడండి. సంచీలు నడుచుకుంటూ వస్తుంటాయి. ఒక్కో సంచీ కింద రెండు బుల్లి కాళ్లు. ఆ పాలసీ దారిలో ఎక్కడ జారిపడింది? ఎవరైనా వెతుకుతున్నారా? డీఈవో గారూ, మిమ్మల్నే!

ఫ్రోబెల్ అని ఒక జర్మన్ పెద్దాయన. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్లో కిండర్‌గార్టెన్ అనే ఈ పసిపిల్లల బడికి శ్రీకారం చుట్టాడు. ఆయన పిల్లల చేతికిచ్చిన మొదటి సామగ్రి ఏమిటో తెలుసా? ఊలు బంతులు. ఆ తర్వాత చెక్క గోళం, చెక్క దిమ్మలు. ఆడండి, పాడండి, మొక్కలు పెంచండి అన్నాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం జడుసుకుంది. ఇదేదో నాస్తికత్వం, సోషలిజం వ్యవహారంలా ఉందని కిండర్‌గార్టెన్లను నిషేధించింది. మరుసటి ఏడాదే ఆ పెద్దాయన పోయాడు. నిషేధం ఎత్తేసింది 1860లో. దుర్మార్గమే. కానీ అందులో ఒక నిజాయితీ ఉంది. వద్దనుకున్నారు, మూసేశారు. మనవాళ్లు అంత అమాయకులా? పేరుంచారు. బోర్డుంచారు. ఫీజు పెంచారు. ఆటనొక్కదాన్నే నిషేధించారు.

తెలియక చేస్తున్నారా అంటే అదీ కాదు. వకీలు వృత్తి వదిలేసిన గిజుభాయి 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టి, కథలతో, ఆటలతో బడి నడిపి చూపించాడు. మీసాలున్న అమ్మ అన్నారు జనం ఆయన్ని. 1939లో మాంటిస్సోరి మద్రాసు వచ్చారు. యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె పేరు లేని పట్నం మనకు లేదు. పాపం, ఆమెను బోర్డు మీదే నిలబెట్టేశారు, గేటు దాటనివ్వలేదు.

మరి సర్కారు వారి సంగతి? 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పుణ్యమా అని ఊరూరా అంగన్‌వాడీ ఉంది. ఆ పథకంలోని ఆరు సేవల్లో ప్రీస్కూలు చదువు ఒకటి. మిగతా ఐదింటికీ, వాటి రిజిస్టర్లకూ, పోషణ్ ట్రాకర్ యాప్‌కూ, సర్వేలకూ, ఓటర్ల జాబితాలకూ అదే టీచరు దిక్కు. గుడ్ల లెక్క, పాల లెక్క, బరువుల లెక్క, ఫొటో అప్‌లోడు. సిగ్నల్ కోసం ఆమె ఫోను పైకెత్తి నిలబడితే, అదే ఆటనుకుని పిల్లలూ చేతులెత్తుతారు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ పెద్దలు ‘జాదూయీ పిటారా’ అని బొమ్మలు, పజిళ్లు, చేతిబొమ్మలున్న పెట్టెను ఆర్భాటంగా ఆవిష్కరించారు. ఫొటోలు బాగా వచ్చాయి. కానీ బొమ్మ విరిగితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది టీచరు. ఆమె ఏం చేస్తుంది? బీరువాలో పెట్టి తాళం వేస్తుంది.

ఆ టీచరుకు ఆంధ్రప్రదేశ్‌లో 2023 నాటికి గౌరవ వేతనం 11,500 రూపాయలు. జీతం అనకూడదు, ఆమె ఉద్యోగి కాదట! పెంచమని 2023 డిసెంబరులో సమ్మెకు దిగితే 42 రోజులు సాగింది. మధ్యలో ఎస్మా ప్రయోగించారు. డబ్బులడిగితే గౌరవ సేవ. పని ఆపితే అత్యవసర సేవ. ఏం తెలివండీ! పసిపిల్లలు ఇబ్బంది పడుతున్నారని కన్నీరు కారుస్తూ కేంద్రాల తాళాలు పగలగొట్టించి, సచివాలయ సిబ్బందిని తెచ్చి కూర్చోబెట్టారు. తర్వాత ఆ సర్కారు పోయి ఇంకో సర్కారు వచ్చింది. అధికారులు మాత్రం వాళ్లే కదా? అయ్యా, తాళాలు పగలగొట్టడంలో అంత చెయ్యి తిరిగినవారు. ఆ బొమ్మల బీరువా ఒక్కటీ తీయించలేరా?