చతుర్ద్వార సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: పోర్టులు నాలుగు, ఎన్‌క్రిప్షన్ చిప్పు ఒకటి, తాళంచెవి ఒకటి, ఖర్చు స్వల్పం.

టీక: స్విచ్చిలోంచి వెళ్లే ఈథర్‌నెట్ ఫ్రేము తీగ ఎక్కకముందే దాన్ని హార్డ్‌వేర్‌లో ఎన్‌క్రిప్ట్ చేసే మ్యాక్‌సెక్ పద్ధతి (ఐఈఈఈ 802.1ఏఈ, 2006) ఈ సూత్రానికి విషయం. సూత్రకారుడు కొనుగోళ్ల విభాగంవాడని చివరి మాటే చెబుతోంది. ‘పోర్టులు నాలుగు’ సుగమం. ‘చిప్పు ఒకటి’ నిర్దుష్టం. వచ్చిన ఫ్రేము ఏ పోర్టుదో చూసి, ఆ పోర్టు తాళంచెవినీ వరుసలెక్కనూ చిప్పు తన పట్టికలోంచి తీసుకుంటుంది. పని కాగానే పెరిగిన లెక్కను మళ్లీ అక్కడే రాసిపెడుతుంది. వేగం చాలితే నాలుగేమిటి, నలభై పోర్టులకైనా వంతులవారీగా ఊడిగం చేస్తుంది. ‘తాళంచెవి ఒకటి’ అన్న ఏకవచనం మాత్రం చింత్యం. మ్యాక్‌సెక్ వాడే ఏఈఎస్-జీసీఎం ఎన్‌క్రిప్షన్ ప్రతి ఫ్రేముకూ నాన్స్ అనే 12 బైట్ల విడి సంఖ్య అడుగుతుంది. ఒకే తాళంచెవి కింద ఏ నాన్సూ రెండోసారి రాకూడదు. తాళంచెవి ఒక్కటే ఇచ్చి, నాన్సులో పోర్టు గుర్తు లేకుండా, అందులోని వరుసలెక్కను ఏ పోర్టుకాపోర్టు 1 నుంచి మొదలుపెడితే, దేవస్థానంలో నాలుగు కౌంటర్లకూ ఒకే నంబర్ల రసీదు పుస్తకాలు ఇచ్చినట్టే.

ఆక్షేపం: ఏఈఎస్‌ను ఛేదించినవాడు ఇంతవరకూ లేడు కదా, నంబర్లు కలిస్తే కొంపేం మునిగింది? సమాధానం: ఛేదించే శ్రమ దొంగకు తప్పిపోవడమే ఇక్కడి విశేషం. నాన్స్ ఒకటైతే రెండు ఫ్రేములకూ కలిసిన రహస్య బిట్ల ధార ఒకటే అవుతుంది. ఆ రెంటినీ ఎక్స్-ఆర్ చేస్తే ధార చెల్లిపోయి, అసలు పాఠాల ఎక్స్-ఆర్ మిగులుతుంది. హెడర్లు ఎలా ఉంటాయో లోకానికంతా తెలుసు గనక, ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని లాగొచ్చు. అంతకన్నా అనర్థం, ఫ్రేము అసలైనదేనని చాటే చివరి ముద్రకు ఆధారమైన రహస్య విలువ కూడా బయటపడి, దొంగ ఫ్రేముకు అసలు ముద్ర పడుతుంది. సరే, లెక్కనూ నాలుగింటికీ ఉమ్మడి చేద్దాం అంటాడు పూర్వపక్షి. తెలివైన మాటే, నాన్సులు కలవవు. కానీ మొదటి తీగ మీద 500వ ఫ్రేమును పట్టినవాడు, 497 దాకా చూసిన రెండో తీగ మీదికి దాన్ని వదిలాడనుకోండి. తాళంచెవి అదే, నంబరు ముందుదే, ముద్ర సరైనదే. అవతలి చిప్పు ఆనందంగా లోపలికి పిలుస్తుంది. పైగా 32 బిట్ల లెక్కను 100 గిగాబిట్ల తీగ ఒక్కటే, చిన్న ఫ్రేములతో, నిమిషం లోపే హారతి కర్పూరం చేయగలదు. ఇక నలుగురు పడితే చెప్పాలా? 2013 సవరణలో వచ్చిన 64 బిట్ల లెక్క ఆయువు పెంచింది గానీ, ఉమ్మడి లెక్క తెచ్చే ఈ చిక్కును తీర్చలేదు.

తాత్పర్యం: పంచుకోదగినది యంత్రం, గుర్తింపు కాదు. మూల ప్రమాణం నాన్సులో 6 బైట్లు పరికరం చిరునామాకు, 2 పోర్టు సంఖ్యకు, 4 లెక్కకు కేటాయించింది. సూత్రకారుడు అనవసరమనుకున్నది ఆ 2 బైట్లనే. నాలుగు తాళంచెవులు ఎవరు మోస్తారన్న శంక న్యాయమైనదే గానీ, 2010 నాటి 802.1ఎక్స్‌లోని ఎంకేఏ అనే తాళంచెవుల ఒప్పందపు పద్ధతి దాన్ని తీర్చింది. నిర్వాహకుడు నాలుగు పోర్టులకూ ఒకే మూల తాళంచెవి పెట్టినా, ప్రతి పోర్టూ అవతలివైపుతో విడిగా మాట్లాడుకుని, యాదృచ్ఛిక సంఖ్యలు కలిపి, తనదైన పని తాళంచెవి తెచ్చుకుంటుంది. లెక్క నిండకముందే మార్చుకుంటుంది. అదనపు ఖర్చల్లా పట్టికలో పోర్టుకో వరుస. కనుక ‘చిప్పు ఒకటి, తాళంచెవి పోర్టుకొకటి’ అన్న పాఠాంతరమే గ్రాహ్యం. ‘ఖర్చు స్వల్పం’ అన్న చివరి పాదాన్ని దిద్దనక్కర్లేదు.