ఫీజు కట్టే వేళ కార్మికుడు

మన దుబాయ్ నాన్నగారి కాపురం షార్జాలో. అద్దె తక్కువని. అల్ నహదా రెండు ఎమిరేట్ల సరిహద్దు మీద ఉంది గనక, గుంటూరు చుట్టాలతో ఫోన్లో "దుబాయే అనుకో బావా" అనేస్తారు. ఉద్యోగం అడిగితే హోదా ఒక్క ఊపిరిలో పూర్తికాదు: సీనియర్ ప్రాజెక్ట్ కంట్రోల్స్ మేనేజరు. సోనాపూర్ లేబర్ క్యాంపు ఊసొస్తే మాత్రం గొంతు తగ్గిస్తారు: "వాళ్లు వేరండీ. వర్కర్లు."

అబ్బాయి పన్నెండుకొచ్చాడు. ఇక ఇంట్లో టీవీ మూగబోయింది. బిట్స్ పిలానీ 2000 నుంచీ దుబాయ్‌లోనే ఉంది కదా అంటే, "పెరట్లో చదివించుకోడానికా ఇంత దూరం వచ్చాం?" ఐఐటీ ఢిల్లీయే అబుదాబికి వచ్చి 2024లో బీటెక్ మొదలెట్టిందిగా? "ఐఐటీ అంటే ఏ ఊరని అడుగుతారు. అబుదాబి అంటే మా బావ నవ్వుతాడు." సాదియాత్ దీవిలో న్యూయార్క్ యూనివర్సిటీ ఉంది, అక్కడ వ్యాసాలు రాయాలట. "మావాడికి నాలుగు ఆప్షన్లిస్తేనే చెయ్యి ఆడుతుంది."

చివరికి వరంగల్ ఎన్‌ఐటీ, విదేశాల్లో చదివిన పిల్లల కోసం పెట్టిన దాసా దారిలో. ఒకప్పుడు శాట్ మార్కులతో వెళ్లేవాళ్లు. 2021 నుంచి జేఈఈ మెయిన్ ర్యాంకే దిక్కు. పోనీ ర్యాంకొచ్చినా ట్యూషన్ ఫీజు ఏడాదికి 8,000 డాలర్లు. ఆ అంకెను రూపాయల్లోకి మార్చి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ మార్చారు. అప్పుడు కనబడింది ఆ ఫీజుల పత్రంలోనే ఇంకో వర్గం: గల్ఫ్‌లోని భారతీయ కార్మికుల పిల్లలు. వాళ్లకు ఫీజు మన దేశంలో పిల్లలకున్నంతే, సుమారు 1,25,000 రూపాయలు.

ఆ సాయంత్రం నుంచీ ఆయన మాటే మారింది. "పదిహేనేళ్లుగా ఈ ఎండలో ఒళ్లు హూనం చేసుకుంటున్నాం" అంటారు, ఏసీ రిమోట్ వెతుక్కుంటూ.

కాన్సులేట్ పత్రాల క్యూలో ముందు జగిత్యాల మేస్త్రీ. పెళ్లాంబిడ్డలు ఊళ్లోనే. కుటుంబ వీసాకు నెలకు 4,000 దిర్హాములన్నా ఉండాలి, లేదా కంపెనీ ఇల్లిచ్చి 3,000. ఆయనకు రెండూ లేవు.

"మా బిడ్డకు బాసర ట్రిపుల్ ఐటీల సీటచ్చింది సార్, పదో తరగతి మార్కులకే. సర్కారు బడి." నాన్నగారి చేతిలోని దరఖాస్తు వైపు తొంగిచూసి, "గల్ఫ్ వర్కరంటే... మీరు సుత వర్కరేనా సార్?"

నాన్నగారు చుట్టూ చూశారు. తెలిసినవాళ్లెవరూ లేరు.

"ఫీజు వరకూ."