సీసం ముక్క, న్యూటన్ సూత్రం

(రాజేంద్రనగర్, ఆరాంఘర్ చౌరస్తా దగ్గర టైర్ల దుకాణం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే దిగి శంషాబాద్ పోయే బండ్ల హోరు. కారు బాబు దిగాడు. వెనకే ఆయన బావగారు, కోచింగ్ సెంటర్ ఫిజిక్స్ సారు.)

కారు బాబు: అన్నా, ఓఆర్ఆర్ మీద 80 దాటితే స్టీరింగ్ వణికిపోతోంది. దిష్టే అనుకుంటున్నా. కొన్న రోజే నాలుగు నిమ్మకాయలు తొక్కించాం, గుమ్మడికాయ కూడా కొట్టాం.

ఉస్తాద్: దిష్టి సంగతి తర్వాత సార్. ముందు ఎడమ చక్రం సూడుండ్రి. రిమ్మంతా మసి, అంచుకు ఒక్క కాడ వేలెడంత తెల్లగున్నది. ఆడికెల్లి బ్యాలెన్సింగ్ సీసం ఊడింది. మిషన్ 20 గ్రాములు సూపిస్తున్నది.

సారు: 20 గ్రాములా! వెయ్యి కిలోల బండిని 20 గ్రాములు ఊపుతుందా?

ఉస్తాద్: ఊపుతది. తిరుగుతుంటె బయటికి గుంజుతది గద!

సారు: ఆగాగు. బయటికి లాగే బలమంటూ లేదయ్యా. అది మిథ్యాబలం. మా పిల్లలెవరైనా అలా రాస్తే నెగెటివ్ మార్కే.

ఉస్తాద్: గా ముక్క స్టీరింగ్‌కు చెప్పుండ్రి సార్. అది కోచింగ్‌కు పోలే.

(సారుకు పౌరుషం వచ్చింది. పాత బిల్లు వెనక లెక్క మొదలెట్టారు.)

సారు: టైరు అడ్డుకొలత 60 సెంటీమీటర్లు అనుకుందాం. 120 మీద పోతే సెకనుకు 17 చుట్ల పైనే. సీసం ఉండేది ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో... (పెన్ను ఆగింది. మళ్లీ గుణించారు.) ఐదు కిలోల బరువంత!

కారు బాబు: 2023లో ఓఆర్ఆర్ మీద వేగ పరిమితి 100 నుంచి 120కి పెంచారుగా. 100 మీద ఎంతంటారు?

సారు: మూడున్నర. బలం పెరిగేది వేగంతో కాదు, వేగం వర్గంతో. సీసం ఊడితే ఎదురు పక్క 20 గ్రాములు ఎక్కువైనట్టే. ఆ ఎక్కువను చక్రం లోపలికి లాగి తిప్పుతుంది. అదీ అంతే బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. న్యూటన్ మూడో సూత్రం. ఆ లాగుడు సెకనుకు 17 సార్లు పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ మారుతుంది కాబట్టి వణుకు.

ఉస్తాద్: బయటికి గుంజుతదని నేనన్నది గదే గద!

సారు: నువ్వన్నది కారణం చెప్పకుండా అన్నావు. మార్కులు పడవు.

(ఉస్తాద్ కొత్త సీసం పెట్టి సుత్తితో రెండు దెబ్బలేశాడు. మిషన్ తిప్పాడు. సున్నా.)

కారు బాబు: అయితే దిష్టి కాదంటావా అన్నా?

ఉస్తాద్: ఉంటే ఉండొచ్చు సార్. గనీ దిష్టి సూసే మిషన్ నా తాన లేదు. జరుగుండ్రి, ఇంక మూడు చక్రాలున్నయి.